నాయన వేసిన బొమ్మలు ఇన్సూరెన్స్ కోసం స్కాన్ చేయించాలి, ఎట్టా చేస్తే పనికొస్తాయి?

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా నాయన హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైనాడు, పోయి మూడేళ్ళు దాటింది. ఆయన వేసిన బొమ్మలు ఇంట్లో 160 దాకా ఉండాయి. ఎక్కువ వాటర్ కలర్లే, అన్నీ 15 అంగుళాలకి 22 అంగుళాల షీట్లు, కొన్ని క్యాన్వాసు మీద ఆయిల్, ఇంకా పెన్సిల్‌వి చార్‌కోల్‌వి ఒక కట్ట. అవి కాక డీసీపల్లి పోయి తెచ్చుకున్న తోలుబొమ్మలు 11, మా జేజి పుట్టింటి నుంచి తెచ్చుకున్న తంజావూరు కృష్ణుడి పటం ఒకటి.

2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు మా వీధిలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చినాయి, ట్రంకు పెట్టెలో ఉన్న ముప్పై పైచిలుకు బొమ్మలు ముద్దయిపోయినాయి. ఇంటి లోను తీసుకున్నప్పుడు కట్టించిన ఇన్సూరెన్స్ ఉందిగా అని క్లెయిమ్ పెడితే సర్వేయర్ వచ్చి ఫ్రిజ్జు, సోఫా, మంచాలు రాసుకున్నాడు. బొమ్మల సంగతి అడిగితే "ఏమేం ఉండేవి, ఒక్కోటి ఎంత, ఏదన్నా కాగితం చూపించండమ్మా" అన్నాడు. చూపించేదానికి ఏముంది, ముద్ద ఉంది. ఆయన్ని అనేదానికి కూడా లేదు, ఒక్క ఫోటో లేదు మా దగ్గర. నాయన అప్పటికి బతికే ఉన్నాడు, ఒక్క మాట మాట్లాడకుండా ఆ షీట్లన్నీ దండెం మీద ఆరేసినాడు, ఆరినాక చూస్తే రంగంతా కిందికి కారిపోయి ఉంది.

2023 డిసెంబర్ తుఫానుకి రాత్రంతా నిద్ర లేదు మాకు, అన్నీ మంచం మీదికెక్కించి మేం కింద కూర్చున్నాం. ఈసారి వానలు పడేలోపల అన్నీ స్కాన్ చేయించి ఇన్సూరెన్స్ సరిగ్గా చేయించాలని. జిరాక్స్ షాపాయన పేజీకి పది రూపాయలు అంటుండాడు, మా పెద్ద షీటు అయితే ముక్కలు ముక్కలుగా చేస్తాడంట. డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అనేది) ఎంత పెట్టమనాలి? స్కాన్ ఉంటే ఇన్సూరెన్సోళ్ళు ఒప్పుకుంటారా అసలు? ఎవరన్నా చేయించినోళ్ళుంటే చెప్పండి.

కుర్రోడు_కందుకూరు

ఫోన్‌లో డాక్యుమెంట్ స్కానర్ యాప్ ఉంటదిగా అన్నా, దాంట్లో కొట్టెయ్, గంటలో అయిపోద్ది. పది రూపాయలు దండగ.

ఒంగోలు స్టూడియో

పై తమ్ముడు చెప్పిన పని మాత్రం చేయొద్దు. ఆ యాప్‌లు కాగితం మీద అక్షరాల కోసం చేసినయ్యి. పక్కన ఏదన్నా లేత రంగు కనపడితే అది మరక అనుకుని తెల్లగా చేసేసిద్ది, వాటర్ కలర్‌లో ఆకాశం మొత్తం ఎగిరిపోయిద్ది. నేను చూశాను, ఒకాయన వాళ్ళ మామయ్య వేసిన బకింగ్‌హాం కాలవ బొమ్మ అట్టా కొట్టుకొచ్చాడు, పడవ ఉంది, నీళ్ళు లేవు.

జిరాక్స్ షాపు స్కానర్ సంగతి. ఎక్కువ షాపుల్లో ఉండేది సన్నగా ఉండే సీఐఎస్ రకం, అద్దానికి ఆనుకున్నదే షార్ప్‌గా వచ్చిద్ది, ఒక మిల్లీమీటరు పైకి లేచినా మసక. వాటర్ కలర్ షీటు తడికి కొంచెం వంకర తిరిగి ఉంటదిగా, అక్కడ దెబ్బతింటది. లావుగా ఉండే పాత సీసీడీ రకం దొరికితే అది మేలు. పైగా ఏ4 అద్దం మీద మీ 15 ఇంటూ 22 షీటు నాలుగు సార్లు తిప్పి తిప్పి పెట్టాలి, అతుకు కోసం చుట్టూ అంగుళంన్నర మించి మిగలదు, మూత పీకి పక్కన పెట్టాలి, ఆ తిప్పడంలో మూల మడత పడిందంటే ఇన్సూరెన్స్ కోసం బొమ్మ పాడుచేసుకున్నట్టు. చార్‌కోల్, పాస్టెల్ అయితే అద్దం మీద బోర్లించనే కూడదు, పొడి మొత్తం అద్దానికి అంటుకుంటది.

నా మాట విని కెమెరాతో చేయించండి. మామూలు 24 మెగాపిక్సెల్ కెమెరా చాలు, ఫోటో పొడవు 6000 పిక్సెళ్ళు, మీ షీటు పొడవు 22 అంగుళాలు, అంటే అంచు కొంచెం వదిలినా అంగుళానికి 250 పిక్సెళ్ళ దాకా వచ్చినట్టే, స్కానర్లో 300 పెట్టినదానికి పెద్ద తేడా ఉండదు. పైగా మీ షీటు కొలత దాదాపు కెమెరా ఫ్రేము కొలతే, అంచులు పెద్దగా వేస్టు పోవు. ఒకే రకం ఎల్ఈడీ లైట్లు రెండు, అటొకటి ఇటొకటి, 45 డిగ్రీల్లో, సమాన దూరంలో. గదిలో ట్యూబులైటు ఆపేయండి లేకపోతే రెండు రంగుల వెలుతురు కలిసి ఒక పక్క పచ్చగా కొడతది. ఫ్యాను కూడా ఆపండి, చెమట పడితే పట్టనీ, కాగితం కదులుద్ది. కెమెరా గోడకి సరిగ్గా ఎదురుగా ఉందో లేదో తెలియాలంటే బొమ్మ పెట్టే చోట మధ్యలో చిన్న అద్దం ముక్క ఆనించి కెమెరాలోంచి చూడండి, లెన్స్ ప్రతిబింబం ఫ్రేము నట్టనడుమ కనపడాలి, పక్కకి పోతే కెమెరా వంకరగా ఉన్నట్టు. స్టాండుకి నీటిమట్టం పెట్టడం కన్నా ఇది నయం.

ప్రతి ఫ్రేములో కింద ఒక స్కేలు, పక్కన రంగుల చార్టు పెట్టండి. 24 గళ్ళ చార్టు ఖరీదు ఎక్కువే, లేకపోతే కనీసం బూడిద రంగు గ్రే కార్డు. తర్వాత ఎవరు ఏ మానిటర్‌లో చూసినా అసలు రంగు ఇది అని సరిచేసుకోవచ్చు. సేవ్ చేసేది టిఫ్, అంటే ఫోటోని నలపకుండా దాచే ఫైలు, ఒక్కోటి 72 ఎంబీ దాకా ఉంటది, చిన్నగా ఉండే జేపెగ్ వేరేగా.

పెన్నాగట్టు (నెల్లూరు)

అన్న కాదు తమ్ముడూ, అక్కని. స్టూడియో సార్, చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకో అనుమానం, ఒక పదిహేను ఫ్రేము కట్టి గోడకున్నాయి, అద్దం మీద లైటు మెరుస్తాది కదా, విప్పాలా? తంజావూరు పటం ఏం చెయ్యాలి?

ఒంగోలు స్టూడియో

ఫ్రేము విప్పితే మంచిదే కానీ మన వైపు ఉక్కకి పాత వాటర్ కలర్ అద్దానికి అతుక్కుపోయి ఉంటది ఒక్కోసారి. వెనక అట్ట తీసి చూడండి, అంటుకున్నట్టు అనిపిస్తే లాగొద్దు, అట్టాగే వదిలేసి కెమెరా వెనక నల్ల దుప్పటి కట్టి తీయండి, మెరుపు పోయిద్ది. తంజావూరు పటం స్కానర్ మీద పెట్టనే వద్దు. ఉబ్బెత్తు పని మీద బరువు పడిద్ది, పైగా బంగారు రేకు స్కానర్లో నల్లగా మాడిపోయినట్టు వస్తది. దానికి మామూలు ఫోటో ఒకటి, లైటు పూర్తిగా పక్క నుంచి వాలుగా కొట్టి ఇంకోటి. ఆ వాలు వెలుతురులో ఎక్కడ పగులుంది, ఎక్కడ రాయి ఊడింది అన్నీ తెలిసిపోతాయి.

రిటైర్డ్_కావలి

అమ్మా, నేను జనరల్ ఇన్సూరెన్సులో ముప్పై ఏళ్ళకి పైగా చేసి దిగినవాడిని. 1989 నవంబర్లో మా కావలి దగ్గర తుఫాను తీరం దాటినప్పటి క్లెయిములు కూడా చూశాను, అందుకని ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. స్టూడియో ఆయన చెప్పిందంతా ఫోటోగ్రఫీ. సర్వేయర్ మీ ఇంటికొచ్చినప్పుడు 72 ఎంబీ టిఫ్ తెరవడు. ఆయనకి కావాల్సింది మూడే: ఈ వస్తువు ఈ ఇంట్లో ఉండేదా, నష్టం జరగక ముందు ఏ స్థితిలో ఉంది, విలువ ఎంత. స్కాను మొదటి రెండింటికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. మూడోదానికి నయాపైసా పనికిరాదు. ఎంత మంచి స్కాను తీసినా ధర దాంట్లో రాసి ఉండదు కదా.

ముందు పాలసీ సంగతి చూసుకోండి. ఇళ్ళకి 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అని అన్ని కంపెనీలూ ఒకే రకంగా అమ్మే పాలసీ ఉంది. తుఫాను, వరద, అగ్నిప్రమాదం అన్నీ దాంట్లో ఉంటాయి. బిల్డింగుకీ సామానుకీ కలిపి తీసుకుంటే సామాను కింద బిల్డింగు మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు దానంతట అదే వస్తుంది, కానీ అది మంచాలు బీరువాలకి. పెయింటింగులు, నగలు, వెండి లాంటివాటికి విడిగా ఒక అదనపు కవరు తీసుకోవాలి, దాంట్లో ముందే ఇద్దరూ ఒప్పుకున్న విలువ రాస్తారు. మొత్తం 5 లక్షల లోపు, ఒక్కో వస్తువు లక్ష లోపు అయితే వాల్యుయేషన్ సర్టిఫికెట్టు కూడా అడగరు. మీకు ఇది సరిపోతుందనుకుంటాను. ఇంకో మెలిక ఉంది, మినహాయింపుల్లో "మాన్యుస్క్రిప్టులు, ప్లాన్లు, డ్రాయింగులు" అని ఉంటుంది, పాలసీలో ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప. మీ నాయనగారి పెన్సిల్ బొమ్మలు ఎవడో తెలివైనవాడు డ్రాయింగులు అన్నాడనుకోండి, అయిపోయినట్టే. కాబట్టి లిస్టులో ఒక్కొక్క బొమ్మా కళాఖండం కింద రాయించండి, నంబరుతో సహా. దొంగతనం కూడా మామూలుగా దాంట్లో రాదు, వరదో తుఫానో వచ్చిన 7 రోజుల లోపల పోతేనే.

స్థితి ఎందుకు అంటున్నానంటే, క్లెయిముల్లో గొడవంతా అక్కడే. తేమకి మెల్లగా పట్టిన బూజు, చెదలు, ఏళ్ళ తరబడి వెలిసిపోవడం ఇవి పాలసీలో రావు. వరద వచ్చాక మీరు ఒక మరక చూపిస్తారు, ఆయన "ఇది పాతదమ్మా" అంటాడు. అప్పుడు వరదకి ముందు తేదీతో ఆ మూల శుభ్రంగా ఉన్న ఫోటో ఉంటే ఆయన నోరు మెదపడు. అట్లాగే ఇప్పటికే ఉన్న మరకలు, చిరుగులు కూడా దాచకుండా దగ్గర నుంచి తీయండి, అది చూస్తే మీ మీద నమ్మకం కుదురుతుంది. ప్రతి బొమ్మకీ వెనక వైపు తప్పకుండా. సంతకం విడిగా. మ్యూజియాలవాళ్ళకి ఆబ్జెక్ట్ ఐడీ అని 1997లో వచ్చిన పద్ధతి ఒకటి ఉంది. వస్తువు ఏమిటి, దేంతో చేశారు, కొలతలు, రాతలు గుర్తులు, దాన్ని మాత్రమే పట్టిచ్చే లక్షణం, పేరు, దేని గురించిన బొమ్మ, కాలం, ఎవరు చేశారు, ఇంతే. ఒక్కో బొమ్మకి ఒక్కో పేజీ, పైన ఫోటో, కింద ఇవన్నీ, పీడీఎఫ్ చేసి ఒక కాపీ ప్రింటు తీసి పాలసీతో పాటు కంపెనీకి ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర మర్చిపోకండి.

ఒంగోలు స్టూడియో

బాబాయ్ గారూ టిఫ్ సర్వేయర్ కోసం కాదండీ. రేపు బొమ్మ తడిసి బాగుచేయించాలంటే ఆ బాగుచేసేవాళ్ళకి అసలు రంగు ఏందో తెలియాలిగా, నలిగిపోయిన వాట్సాప్ ఫోటో చూసి ఎట్టా కలుపుతారు. మరీ పోతే కనీసం అచ్చు తీసి గోడకి పెట్టుకోవచ్చు. రెండూ ఉంచండి, గొడవ లేదు.

రిటైర్డ్_కావలి

అది నిజమే, ఒప్పుకున్నాను.

తెరవెనక

అక్కా మాది డీసీపల్లి పక్కనే, మా తాత తోలుబొమ్మలాట ఆడినోడు. తోలుబొమ్మల గురించి పైన ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తుండా. స్కానర్ మీద పెట్టి మూత నొక్కితే కీళ్ళ కాడ దారం తెగుద్ది, చెవుల కాడ తోలు పలచగా ఉంటది, విరుగుద్ది. బొమ్మ కూడా మనిషంత ఉంటది యాడ పెడతావు. పంచె ఒకటి కిటికీకి అడ్డంగా బిగించి కట్టి, మా వాళ్ళు తెర కట్టినట్టే, బొమ్మని పంచెకి ఆనించి ఇవతల నుంచి ఫోటో తీయి, వెనక నుంచి ఎండ పడాల. అప్పుడే అసలు రంగులూ చిల్లులూ అన్నీ పడతాయి, ముందు నుంచి లైటు కొట్టి తీస్తే నల్లటి చెప్పు ముక్క మాదిరి ఉంటది. ముందు నుంచి ఒకటి, వెనక వెలుతురుతో ఒకటి, రెండూ తీయి. ఎన్ని ముక్కలు కలిపి కుట్టినారు, కర్ర ఉందా లేదా, కళ్ళు యాడ తిరిగుండాయి రాసుకో, ఒకే రావణాసురుడిని పది మంది చేస్తారు, చిల్లుల పని ఒక్కోడిది ఒక్కో రకం. మీ నాయన ఎవరి కాడ కొన్నాడో గుర్తుంటే ఊళ్ళో అడిగి ఇప్పటి రేటుతో ఒక కాగితం రాయించుకో, బాబాయ్ చెప్పిన విలువ సంగతికి అది పనికొస్తది. వానాకాలంలో చుట్టి పెట్టమాకండి, తడి తగిలితే తోలు ముడుచుకుపోతాది, మళ్ళీ సాపు కాదు.

నల్లకోటు_ఒంగోలు

రెండు ముక్కలు. తంజావూరు పటం వందేళ్ళు దాటిందని మీకు అనిపిస్తే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, పెయింటింగులు రిజిస్టరు చేయించాల్సిన వాటిలో ఉన్నాయి, ఇన్సూరెన్సుకి ముందు అది చూసుకోండి, ఆ రిజిస్ట్రేషన్ కాగితమే మీకు పెద్ద సాక్ష్యం కూడా.

రెండోది, ఫోటో తేదీ మార్చడం చిన్న పిల్లలకి కూడా వచ్చు ఈ రోజుల్లో. ఫైళ్ళన్నీ అయ్యాక ఒక్కోదానికి షా-256 హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి నంబరు) తీసి ఆ లిస్టు ప్రింటు తీసి కంపెనీకి ఇచ్చే కాగితాలతో కలిపి పెట్టండి, ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ నంబరు మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్టులో హ్యాష్ కాలమే ఉంది. గొడవ కోర్టుదాకా పోతే అప్పుడు వెతుక్కునే పని ఉండదు. కాపీలు మూడు ఉంచండి, రెండు రకాల వాటిలో, ఒకటి ఇంట్లో కాకుండా వేరే ఊళ్ళో. హార్డ్ డిస్కు కూడా అదే ట్రంకు పెట్టెలో పెట్టి వరదలో ముంచినవాళ్ళు నాకు తెలుసు.

కుర్రోడు_కందుకూరు

సారీ అక్కా. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్ లాగా పంపు, ఫోటో లాగా పంపితే నలిపేస్తది. ఇది మాత్రం కరెక్టే చెప్పా.

పెన్నాగట్టు (నెల్లూరు)

మూడు వారాల తర్వాత వస్తుండా, అప్‌డేట్ ఇవ్వాలి కదా. మా మేనమామ కొడుక్కి కెమెరా ఉంది, వాడూ నేనూ ఆదివారాలు కూర్చొని ఇప్పటికి 94 అయినాయి. అద్దం ముక్క కిటుకు అద్భుతం సార్. ఫ్యాను ఆపి నెల్లూరు ఎండల్లో పని చేయడం గురించి మాత్రం మీకు వేరేగా ఉత్తరం రాస్తా. తోలుబొమ్మలు నాయన పంచెతోనే కట్టి తీసినాం, మా పాప ఆట అనుకొని ముందు కూర్చుంది, లేవనంటది. 24 మెగాపిక్సెల్ టిఫ్‌లు 160కి లెక్కేస్తే పదకొండున్నర జీబీ, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిళ్ళు తీసేస్తేగానీ పట్టవు, అందుకే డిస్కు ఒకటి కొని కాపీ చేసి ఒంగోల్లో మా చెల్లెలింట్లో పెట్టినా. తంజావూరు పటం సంగతి జేజి పుట్టింటోళ్ళని అడుగుతుండా, ఎప్పటిదో ఎవరికీ సరిగ్గా తెలవదు.

అసలు చెప్పాలనుకున్నది వేరే. కావలి బాబాయ్ వెనక వైపు ఫోటో తీయమన్నారు కదా, నేనైతే ఎప్పుడూ తిప్పి చూడలేదు ఆ షీట్లు. ప్రతి దాని వెనకా పెన్సిల్‌తో రాసుండాడు. తేదీ, ఊరు, ఒక ముక్క. "మైపాడు, గాలి ఎక్కువ, కాగితం రెండుసార్లు ఎగిరింది." "ఉదయగిరి, గరిటెలు చేసేవాళ్ళ ఇల్లు, మజ్జిగ ఇచ్చారు." ఒకదాని వెనకైతే "ఎగ్జిబిషన్‌లో 350కి అడిగారు, ఇవ్వలేదు, మీ అమ్మ తిట్టింది" అని ఉంది, 1986ది. అమ్మకి చూపిస్తే ఇప్పటికీ తిడతాంది, అప్పట్లో 350 అంటే ఎంతనుకున్నావ్ అని.

ఈ 350 రాత విలువకి ఏమన్నా పనికొస్తుందా బాబాయ్?

రిటైర్డ్_కావలి

ఎందుకు పనికిరాదమ్మా. ఆయన చేతిరాత, తేదీతో సహా, బయటి మనిషి అడిగిన ధర. ఆ ఎగ్జిబిషన్ కరపత్రం కానీ పేపరు కటింగు కానీ దొరుకుతుందేమో అమ్మగారి పెట్టెలో చూడండి, రెండూ కలిపి ఆ బొమ్మ పేజీలోనే పెట్టండి. మిగతా 66 కూడా అయ్యాకే పాలసీకి వెళ్ళండి, సగం సగం లిస్టుతో వద్దు. ముద్ర మర్చిపోకండి.